నాలుగు గుంటలు

ఆ జిరాక్స్ కాగితం నా చేతులతో నేనే ఇచ్చాను.

సకల జనుల సమ్మె అప్పుడే వేడెక్కుతోంది. ఆర్టీసీ బస్సులు డిపోల్లో పడుకున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా రోడ్డు ఎన్నడూ లేనంత వెడల్పుగా కనిపించేది. అలాంటి ఒక పొద్దున కనకరాజు మా గేటు ముందు స్కూటర్ ఆపాడు. మెడలో ఉద్యమం కండువా, నోట జై తెలంగాణ. చౌరస్తాలో వంటావార్పు జరిగితే పప్పు గిన్నె పట్టుకుని ముందు వరసలో ఉండే మనిషి.

"అక్కా, కాలనీ ప్లాను నీ దగ్గరున్నదట గద. ఒక జిరాక్స్ ఇయ్యరాదు? సమ్మె అయిపోంగనె రోడ్డు పని పట్టిద్దాం."

నేను కాలనీ సంఘానికి మహిళా కార్యదర్శినై రెండు నెలలైంది. పొద్దస్తమానం చీరలకు ఫాల్స్ కుట్టుకునే యాదలక్ష్మిని ఒకరు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి కాగితం అడగడం అదే మొదలు. మిషను ఆపి, బీరువాలోంచి ప్లాను తీసి, స్వయంగా జిరాక్స్ షాపుకు వెళ్లి కాపీ తీయించి ఇచ్చాను. టీ కూడా ఇచ్చాను.

వారం తిరగకుండానే, శుక్రవారం పొద్దున, మా ఖాళీ జాగాలో రెండు ట్రాక్టర్ల ఇటుక దిగింది.

మా సీతారాం కాలనీ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనకాల ఉంటుంది. అరవై ఇళ్లు. గాలి ఇటు మళ్లితే ఊరంతా బత్తాయి వాసన. దక్షిణం వైపు చివర ఒక ఖాళీ జాగా. దాన్ని ఆనుకునే కనకరాజు ప్లాటు. వినాయకుణ్ని అక్కడే కూర్చోబెడతాం, బతుకమ్మ అక్కడే ఆడతాం, ఎవరింట పెళ్లయినా వంట పొయ్యిలు అక్కడే. ఆ జాగాలో పార్కు కావాలి, చుట్టూ గోడ కావాలి, రెండు దీపాలు కావాలి అని అభివృద్ధి పనుల జాబితా తయారుచేసి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించింది కూడా నేనే. అది మాది కాదని ఎవరైనా అంటారని మాకెన్నడూ తోచలేదు.

పరుగెత్తుకుంటూ వెళ్లాను. కనకరాజు జేబులోంచి నేనిచ్చిన కాగితమే తీసి నాకు చూపించాడు.

"గిది మీ సంఘం ప్లానే గదక్కా? కింద సంతకాలు మీయే గద? జర సూడు. గీ మూలకు నాలుగు సున్నాలు గీసి, గుంటలు, పూడ్చినవి అని రాసిండ్రు. మీయి గా నాలుగు గుంటలే. మిగిలిన జాగంత నా ప్లాటు కిందికొస్తది. దసరా నాడు కొబ్బరికాయ కొడ్తున్న. నువ్వు గూడ రావాలె."

ఎవరికి చెప్పుకోవాలి? రెవెన్యూ ఆఫీసుకు తాళం. కొలతలు వేయాల్సిన సర్వేయరు సమ్మె టెంటులో కూర్చుని నినాదాలిస్తున్నాడు. తాళాలు తీసేనాటికి గోడ లేచి పైన రంగు కూడా పడుతుంది. కనకరాజు అదను చూసి దిగాడు. మా సమ్మెనే మా మీదికి తిప్పాడు.

దసరా గురువారం. మా చేతిలో ఆరు రోజులు.

నా భర్త కృష్ణ దిల్‌సుఖ్‌నగర్ డిపోలో కండక్టరు. సమ్మె మనిషి. విషయం విని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"గా మ్యాపు గీసిందెవలు? చక్రపాణి. గుంటూరాయన. కావాలనే గీసిండు. ఆదివారం మీటింగుల అందరి ముంగట అడుగుత. ఏం జవాబు చెప్తడో సూస్త."

"గీసింది ఆయన. ఇచ్చింది నేను. ముందుగాల నన్నడుగు," అన్నాను.

వెనక వరండాలో మా అత్తమ్మ అండాలమ్మ బతుకమ్మ కోసం గునుగు పూలు కట్టలు కడుతోంది. తల ఎత్తకుండానే అంది:

"కాలనీ పంచాయితీ మనకెందుకు బిడ్డా? వాళ్లు ప్లాట్లు కొన్నోళ్లు. మనం రాళ్లు మోసినోళ్లం."

ఆ మాట నేను కాపురానికి వచ్చిననాటి నుంచీ వింటున్నాను. మా మామ మట్టయ్య నల్లగొండ దిక్కు నుంచి వచ్చిన రాళ్ల కూలీ. ఈ కాలనీ ఇంకా జొన్నచేనుగా ఉన్నప్పుడు, భూమి యజమాని సీతారాములు పటేలు ప్లాట్లు చేస్తుంటే, హద్దు రాళ్లు పాతడానికి వచ్చాడు. పని అయిపోయాక పటేలు అందరికంటే చిన్న ప్లాటు ఒకటి ఆయనకిచ్చాడు. అదే మా ఇల్లు. మామ పోయి ఎనిమిదేళ్లయింది. అప్పటి నుంచి అత్తమ్మ కాలనీ మీటింగుకు రాలేదు, బతుకమ్మ ఆట దగ్గరికీ రాలేదు. బతుకమ్మను మాత్రం అందరికంటే ఎత్తుగా పేర్చి నా చేతిలో పెట్టేది.

*

ఆదివారం సాయంత్రం మా ముందు వరండాలో మీటింగు. ముప్పై మంది వచ్చారు. చక్రపాణి గారు ఒక పాత ఫైలు చంకన పెట్టుకుని వచ్చారు. రోడ్ల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. గీత గీస్తే వెంట్రుకవాసి తేడా రాదు. సంఘానికి పదేళ్ల కిందట ప్లాను గీసిచ్చింది ఆయనే. వెనకే ఆయన భార్య ఇందిరాదేవి గారు.

కృష్ణ కూర్చోలేదు.

"సార్, సీదా అడుగుత. మా బతుకమ్మ జాగను మ్యాపుల ఎందుకు మాయం జేసిండ్రు?"

ఆ రోజుల్లో అలాంటి ప్రశ్నకు రెండో అర్థం ఒకటి ఉండేది. అది అందరికీ వినిపించింది.

చక్రపాణి గారు కళ్లద్దాలు సర్దుకుని ఫైలు విప్పారు.

"మాయం చేయలేదు కృష్ణా. ఉన్నదే గీశాను. సీతారాములు గారు రాసిచ్చిన కాగితం ఇదిగో. చదువుతాను, వినండి. 'దక్షిణపు మూలన నాలుగు గుంటలు ఆడపడుచుల బతుకమ్మకు విడిచినాను.' బతుకమ్మల్ని నీళ్లలో వదలడానికి నాలుగు గుంటలు తవ్వించారని అనుకున్నాను. నేను వెళ్లి చూసేసరికి గోతులేవీ లేవు. పూడ్చేశారు కాబోలనుకుని, అదే రాశాను."

మేమందరమూ అలాగే అనుకున్నాం. నేను ఆ కాగితం చదివినదాన్నే. మూసారాంబాగ్‌లో పుట్టి పెరిగాను. నాకు తెలిసిన గుంటలు వానాకాలం రోడ్ల మీద ఉండేవే. ఇక మాట్లాడడానికేముంది? కాగితం కూడా కనకరాజు వైపే ఉంది. పదేళ్ల కింద పెట్టిన సంతకాలూ అతని వైపే ఉన్నాయి. వాటిని తీసుకెళ్లి అతని చేతిలో పెట్టిన కార్యదర్శిని నేను.

అత్తమ్మ టీ గ్లాసుల పళ్లెంతో గడపలో నిలబడింది. లోపలికీ రాలేదు, వెనక్కీ పోలేదు.

"గుంటలు పూడ్చుడేంది సారూ?"

చక్రపాణి గారు తలెత్తారు. "అంటే... గోతులు కదమ్మా. మట్టి పోసి పూడ్చేసి ఉంటారు."

"మీ ఊర్లె భూమిని ఎట్ల కొలుస్తరు?"

"ఎకరాలూ, సెంట్లూ."

"మా దిక్కు ఎకరాలు, గుంటలు. నలభై గుంటలైతే ఎకరం." పళ్లెం ఆయన ముందు పెట్టింది. "సల్లారుతది, తాగుండ్రి."

చక్రపాణి గారు కళ్లద్దాలు తీశారు. మళ్లీ పెట్టుకున్నారు. కాగితం వంక చూశారు. ముందుగా నవ్వింది ఇందిరాదేవి గారు.

"అయ్యో రామ! పదేళ్ల నుంచి ఆ గోతుల బొమ్మకి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు కదండీ! వచ్చిన ప్రతివాళ్లకీ చూపించారు కూడానూ!"

వరండా అంతా గొల్లుమంది. చక్రపాణి గారు మాత్రం నవ్వలేదు. లేచి నిలబడ్డారు.

"తప్పు నాదే కృష్ణా. పాతికేళ్లు ఈ ఊళ్లో ఉండి ఒక్క మాట ఎవర్నీ అడగలేదు. కానీ కావాలని చేసింది కాదు."

కృష్ణ నేల చూపులు చూస్తూ అన్నాడు: "నాకు గూడ తెల్వదు గద సార్. ఈడనే పెరిగిన. టికెట్లు తెల్సు గని, గుంటలు తెల్వయి. కూసోండ్రి."

అప్పుడు అత్తమ్మ ఇంకో మాట అంది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ, ఏదో వంట సంగతి చెప్పినట్టే అంది.

"గా జాగకు నాలుగు మూలల రాళ్లున్నయి. ఆయనే పాతిండు. గొలుసు కొస పట్టుకున్నది నేనే. కిష్ణుడు నా సంకల ఉండె."

"గొలుసా?" చక్రపాణి గారి గొంతు మారింది. "కొలత గొలుసా? రాయికీ రాయికీ మధ్య ఎంత పట్టారమ్మా?"

"ఎంతేంది? ఒక్క గొలుసు. నాలుగు దిక్కుల ఒక్కొక్క గొలుసే."

ఆయన జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద రాసుకోవడం మొదలుపెట్టారు. గొలుసంటే అరవై ఆరు అడుగులు. ఇరవై రెండు గజాలు. ఇరవై రెండును ఇరవై రెండుతో హెచ్చవేస్తే నాలుగు వందల ఎనభై నాలుగు.

"గుంటంటే ఎన్ని గజాలు?" అని అడిగారు.

"నూటా ఇరవై ఒకటి," అంది అత్తమ్మ.

నాలుగు నూట ఇరవై ఒకట్లు. ఆయన అరచెయ్యి మాకందరికీ చూపించారు. ఒక్క గజం అటూ ఇటూ కాలేదు.

"అండాలమ్మ గారూ, ఇన్నాళ్లూ మీరు ఎక్కడున్నారండీ?"

"గీ వంటింట్లనే ఉన్న సారూ. ఎవరు పిలిచిండ్రు?"

నేను తల దించుకున్నాను. రెండు నెలలు అరవై గడపలు తిరిగి అందరి అభిప్రాయాలూ అడిగినదాన్ని. మా ఇంటి వెనక వరండాకు మాత్రం వెళ్లలేదు.

*

సోమవారం పొద్దున ఏడింటికి జాగాలో ఉన్నాం. చక్రపాణి గారు స్టీలు టేపు, తాడు, సున్నం డబ్బా తెచ్చారు. కృష్ణ డిపో నుంచి ఆరుగురిని వెంటేసుకొచ్చాడు. డ్రైవర్ జంగయ్య గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు.

"రెండు వారాలాయె స్టీరింగ్ పట్టక. చేతులు దురద పెడుతున్నయ్. యాడ తవ్వాల్నో చెప్పు పెద్దమ్మా."

మా ఇంటి మూలకున్న హద్దు రాయి ఇంకా పైకి కనిపిస్తుంది. అత్తమ్మ దాని మీద చెయ్యి పెట్టి, దక్షిణం వైపు చూపించింది.

"ఈడికెల్లి రెండు గొలుసులు. వంకర పోకుంట."

చక్రపాణి గారు టేపు లాగారు. నూట ముప్పై రెండు అడుగుల దగ్గర సున్నంతో గుర్తు పెట్టారు. జంగయ్య తవ్వడం మొదలుపెట్టాడు. అడుగు లోతు. రెండడుగులు. మట్టి, గులకరాళ్లు, ఒక పాత చెప్పు. ఇటుకల కాపలాకు కూర్చున్న మేస్త్రీ బీడీ వెలిగించి నవ్వాడు.

"ఏం తవ్వుతున్నరు, నిధా?"

రెండున్నర అడుగులు. ఏమీ లేదు. చక్రపాణి గారు టేపు మళ్లీ లాగి చూశారు. అదే చోటు. అత్తమ్మ జ్ఞాపకం ముప్పై ఏళ్ల నాటిది. ఆమె పొరపడితే మాకు ఇంకేమీ మిగలదు. ఆమె కూడా ఈ జన్మలో మళ్లీ నలుగురి ముందు నోరు విప్పదు.

"అత్తమ్మా, గిదేనా?" అన్నాను మెల్లగా.

ఆమె నా మొహం చూడలేదు. గోతిని చూసింది. పక్కన రోడ్డును చూసింది.

"రోడ్డు మీద రోడ్డేసిండ్రు. ఎన్నిమార్ల మన్ను పోసిండ్రో. ఆయన పాతిన రాయి ఆయన పాతినకాడనే ఉంటది. ఇంకో మూరెడు దిగు జంగయ్యా."

ఇంకో మూరెడు దిగాడు. గడ్డపార ఖంగుమంది.

జంగయ్య వంగి చేతులతో మట్టి తీశాడు. నల్ల రాయి. తల మీద ఉలితో కొట్టిన నాలుగు గీతలు, నడుమ ఒక చుక్క.

"పువ్వది," అంది అత్తమ్మ. "గిది ఆడోళ్ల జాగ, పువ్వు గుర్తు పెట్టు మట్టయ్యా అన్నడు పటేలు. ఈయనకు పువ్వు చెక్కుడు యాడొస్తది? నాలుగు గీతలు కొట్టి ఇదే పువ్వన్నడు. నేను వారం దినాలు నవ్విన."

కృష్ణ గోతిలోకి దిగాడు. తండ్రి చెక్కిన గీతల మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాడు. చక్రపాణి గారు అతని భుజం తట్టి, టేపు రెండో కొస చేతికిచ్చారు.

"పట్టుకో నాయనా. అప్పుడు మీ అమ్మ పట్టింది. ఇప్పుడు నీ వంతు."

పది గంటలకల్లా మూడు రాళ్లు దొరికాయి. మూడింటి మీదా నాలుగు గీతలు, ఒక చుక్క. నాలుగోది ఎక్కడ ఉండాలో తాడు చూపించింది. సరిగ్గా కనకరాజు ఇటుకల కుప్ప కింద.

ఆడవాళ్లం వరస కట్టాం. పాతికమందిమి. ఇటుక తర్వాత ఇటుక చేతులు మారుతూ వెళ్లి, కనకరాజు ప్లాటు లోపల నీటుగా పేర్చుకుంటోంది. సగం కుప్ప కదిలాక స్కూటర్ వచ్చి ఆగింది.

"నా ఇటుకలు ముడితే బాగుండది, చెప్తున్న!"

"ముట్టుకోవడం లేదు బాబూ, సర్దుతున్నాం," అన్నారు ఇందిరాదేవి గారు, చేతిలోని ఇటుకను నాకు అందిస్తూ.

కనకరాజు ఆమెను దాటి కృష్ణ దగ్గరికి వెళ్లాడు. "ఏం కిష్ణా, ఉద్యమం జేసేటోనివి. ఆంధ్రోళ్ల టేపు పట్టుకొని మనోని మీదికే ఒస్తున్నవా? గా ప్లాను చూడు. గుంటలంటే గుంతలని మీ సారే రాసిండు."

కృష్ణ పిడికిలి బిగించాడు. జంగయ్య గడ్డపార కింద పెట్టలేదు. ఇంకో మాట పడితే చెయ్యి లేచేది. అంతలో అత్తమ్మ ఇద్దరి మధ్యకూ వచ్చింది. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"కనకరాజూ, మీ నాయిన నాకు ఎరుకే. మంచోడు. ఆయన పోయినంక అన్నదమ్ములు భూమి పంచుకున్నరు గద. నీ వంతుకు ఎంతొచ్చింది బిడ్డా?"

"పన్నెండు గుంటలు," అన్నాడు కనకరాజు, వెనకా ముందూ చూసుకోకుండా.

"పన్నెండు గుంతలా?"

మేస్త్రీ నోట్లో బీడీ కింద పడింది. ముందు నవ్వింది అతనే. ఆ తర్వాత వరసలో ఉన్న పాతికమంది ఆడవాళ్లమూ నవ్వాం. ఇందిరాదేవి గారు నవ్వలేక ఇటుక పక్కన పెట్టి పొట్ట పట్టుకున్నారు. అత్తమ్మ మాత్రం నవ్వలేదు.

"సారు ఊరు వేరు. ఆయనకు తెల్వక రాసిండు. నీకు తెల్వదా?"

కనకరాజు కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్లీ మెడలో వేసుకోలేదు. స్కూటర్ సీటు మీద పెట్టుకుని దాని మీదే కూర్చుని వెళ్లిపోయాడు. మిగిలిన ఇటుకలను మేస్త్రీయే మాతోపాటు వరసలో నిలబడి మోశాడు. నాలుగో రాయి పదకొండున్నరకు బయటపడింది.

*

మర్నాడు సద్దుల బతుకమ్మ, తొమ్మిది రోజుల పండుగకు ఆఖరి రోజు. మా జీవితంలో అంత పెద్ద ఆట చూడలేదు. బస్సులు లేకపోయినా బడంగ్‌పేట్ నుంచి మా చుట్టాలు ఆటోలు మాట్లాడుకుని వచ్చారు. పక్క కాలనీల వాళ్లు వచ్చారు. ఇందిరాదేవి గారు మొదటిసారి సొంతంగా పేర్చిన బతుకమ్మ ఒకవైపుకు ఒరిగింది. "మా ఆయన గీసిన గోతిలో పడేట్టుంది," అని ఆమే ఎగతాళి చేసుకున్నారు. నాలుగు రాళ్లకు పసుపు రాసి, వాటి చుట్టూ తాడు కట్టి, ఆ లోపల ఆడాం. అరవై ఆరు అడుగుల చతురస్రంలో మూడు వందల మందిమి పట్టాం.

అత్తమ్మ ఆడలేదు. మామ పాతిన మొదటి రాయి దగ్గర, గోతి అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. ఎనిమిదేళ్లలో ఆట దగ్గరికి రావడం అదే మొదలు. నేను చప్పట్లు కొడుతూ ఆమె ముందుకు వచ్చిన ప్రతిసారీ నోరు కదలడం కనిపించింది. పాట మొత్తం ఆమెకు వచ్చు.

అక్టోబరు చివరన సమ్మె విరమించారు. ఆఫీసుల తాళాలు తెరిచారు. కృష్ణ యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని డ్యూటీకి వెళ్లాడు. మేము మా అభివృద్ధి పనుల జాబితా పట్టుకుని వెళ్లాం. కొత్త ప్లాను పైన పెట్టాం. సర్వేయరు వచ్చి రాళ్లు చూసి, తన గొలుసు పరిచి, ఒక్క మాట లేకుండా సంతకం పెట్టాడు.

ఆ ప్లాను గీయడానికి చక్రపాణి గారికి పది రోజులు పట్టింది. ఆఫీసుకు వెళ్లే ముందురోజు మా ఇంటికి తెచ్చి, వరండాలో చాప మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు టీ గ్లాసులు పెట్టారు. అత్తమ్మను పిలిచారు. ఈసారి అందరికంటే ముందే పిలిచారు. ఆమె వచ్చి గడపలో ఆగకుండా చాప మీదే కూర్చుంది.

"చదువు లక్ష్మీ," అంది నాతో.

చదివాను. దక్షిణపు మూలన చక్కటి చతురస్రం. మూలల్లో నాలుగు పూలు. లోపల, బతుకమ్మ జాగా, నాలుగు గుంటలు. కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక: గుంట అనగా నూట ఇరవై ఒక్క గజములు. గొయ్యి కాదు.

అత్తమ్మ పకపకా నవ్వింది. "గది గూడ రాసిండ్రా సారూ!"

"నా తర్వాత వచ్చే గుంటూరాయన కోసమమ్మా," అన్నారు చక్రపాణి గారు.

అన్నిటికంటే కింద, పటం గీసినవారు అని ఆయన పేరు. దాని పక్కన, హద్దులు చూపినవారు: అండాలమ్మ.

ఆమె ఆ గీత మీద వేలు పెట్టి ఆపింది.

"నాదొక్కటేనా? ఆయనది గూడ రాయుండ్రి. రాళ్లు పాతింది మట్టయ్య, గొలుసు పట్టింది అండాలమ్మ అని సక్కగ రాయుండ్రి."

ఆయన అలాగే రాశారు. ఆమె సిరా ఆరేదాకా చూసింది. అంతలో, పటేలే ప్లాట్లు చేసిన పక్క కాలనీ వాళ్లు ఇద్దరు గేటు దగ్గరికి వచ్చి అడిగారు, మా కాలనీకి కూడా హద్దులు చూపించాలి, ఈ ఇంట్లో పెద్దమ్మ ఎవరు అని.

నేను లేవబోయాను. అత్తమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపి, తానే లేచి, కొంగు నడుముకు దోపుకుని గేటు దాకా నడిచింది.

"నేనే. రాండ్రి లోపటికి," అంది. "రాళ్లు పాతినోళ్లం మేమే."